ఫర్లేదు మాస్టారి దగ్గు

ఆయన్ను ఊళ్లో అందరూ ఫర్లేదు మాస్టారనేవారు. కారు నడపడం నేర్పడం ఆయన వృత్తి. నేర్చుకునే మనిషి స్టీరింగు దగ్గర కూర్చుంటే, పక్క సీట్లో ఆయన. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉండేవి. ఇండికేటర్ వెయ్యబోయి వైపరు వేసినా, కుడికి తిప్పమంటే ఎడమకు తిప్పినా, నడిరోడ్డు మీద ఇంజను ఆపేసి, వెనక పది బళ్లు హారన్లు మోగిస్తుంటే బిక్కచచ్చిపోయి కూర్చున్నా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే. "మరేం ఫర్లేదు. మళ్లీ మొదలుపెడదాం."

ఆ మాట మందులా పనిచేసేది. వేరే చోట్ల తిట్లు తిని, ఏడ్చి, ఇక నావల్ల కాదని ఇంటికెళ్లిపోయినవాళ్లు కూడా చివరికి ఆయన దగ్గరకే చేరేవారు. సొంత ఇంటి గేటు స్తంభాన్నే రెండుసార్లు గుద్దిన ఒక లెక్కల టీచరమ్మకు నాలుగు నెలలు ఓపిగ్గా నేర్పారు. నేర్చుకునేవాళ్ల చేతుల్ని గానీ మొహాన్ని గానీ ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆయన చూపంతా పాదాల మీదే. భయం ముందు పాదంలోకి దిగుతుందని, మొహంలోకి ఎక్కేసరికి ఆలస్యమైపోతుందని ఆయన లెక్క.

ఆయనకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు సిగరెట్. పంతొమ్మిదో ఏట అంటించింది యాభయ్యో ఏటికి గానీ ఆరలేదు. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య బావమరిది షెడ్డు వెనక్కి వెళ్లి కాల్చేవారు. బావమరిది మెకానిక్కు. మాస్టారి కారుకు రెండో బ్రేకు అమర్చింది అతనే. బావాబావమరుదులిద్దరూ టైర్ల కుప్ప మీద కూర్చుని, ఒకే అగ్గిపుల్లతో రెండు సిగరెట్లు వెలిగించుకునేవారు.

మానేసిన కథ మాస్టారే నవ్వుతూ చెప్పేవారు. ఆయన యాభయ్యో ఏట, కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి నేర్చుకోవడానికి వచ్చేది. పది రోజులయ్యాక, పాఠం అయిపోయి దిగుతూ దిగుతూ, తల వంచుకుని ఒక మాట చెప్పింది. రోజూ తన బట్టలు సిగరెట్ వాసన వేస్తున్నాయట. అత్తగారు కోడలే దొంగచాటుగా కాలుస్తోందనుకుని ఇల్లంతా సోదా చేస్తోందట. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి ఆ పెద్దావిడకు క్షమాపణ చెప్పుకున్నారు. తిరిగొస్తూ జేబులో పెట్టె తీసి కాలవలో పారేశారు. మళ్లీ ముట్టుకోలేదు. మొదటి ఆరు నెలలూ చేతులు ఏం చెయ్యాలో తోచక కారు అద్దాలు రోజుకు ఎనిమిదిసార్లు తుడిచేవారట. ఇంట్లో లవంగాలు డబ్బాలకు డబ్బాలు ఖాళీ అయ్యేవని ఆయన భార్య చెప్పేది.

అంచేత ఆయనకు అరవై ఒకటో ఏట దగ్గు పట్టుకున్నప్పుడు దానికీ సిగరెట్‌కూ సంబంధం ఉంటుందన్న ఊహే రాలేదు. వచ్చినా లోపలికి రానివ్వలేదు. మానేశాను కదా, ఆ పద్దు అప్పుడే ముగిసింది కదా అనుకున్నారు. చలికాలం మొదట్లో వచ్చిన దగ్గు చలి పోయినా పోలేదు. పొడి దగ్గు. మాట్లాడుతుంటే మాట మధ్యలో వచ్చి కూర్చునేది. మందుల షాపతను మూడు రకాల సిరప్పులు మార్చాడు. ఒకటి తియ్యగా, ఒకటి చేదుగా, మూడోది తాగితే నిద్ర ముంచుకొచ్చేలా ఉంది. నిద్ర వచ్చేదాన్ని మాస్టారు వెంటనే పక్కన పెట్టేశారు. ఆయనది కళ్లు తెరుచుకుని కూర్చోవాల్సిన పని.

దగ్గుతో పాటు ఛాతీలో ఎడమవైపు పైన ఏదో తెలియని బరువు. నొప్పి అనడానికి లేదు. లోపల ఎవరో బొటనవేలు పెట్టి ఒత్తి, తియ్యడం మర్చిపోయినట్టు ఉండేది. సీటు బెల్టు సరిగ్గా అక్కడే తగిలేది. ఆయన బెల్టు కింద చెయ్యి దూర్చి, పట్టీని ఛాతీకి తగలకుండా కాస్త ఎత్తి పట్టుకునేవారు. భార్య గుండేమోనని హడలిపోయి పోరితే వెళ్లి గుండె పరీక్ష చేయించుకున్నారు. గుండె దుక్కలా ఉందన్నారు. ఇంకేం కావాలి అనుకుని ఇంటికొచ్చేశారు. దగ్గు సంగతి అక్కడ ఎత్తనే లేదు.

ఎత్తకపోవడానికి కారణం ఉంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. డాక్టరు ఎవరైనా సరే ముందు అడిగేది సిగరెట్ల గురించే. ముప్ఫై ఒక్క ఏళ్లు కాల్చానని చెప్పగానే ఎదుటి మనిషి మొహంలో వచ్చే మార్పు ఆయనకు చూడాలని లేదు. నువ్వే తెచ్చుకున్నావు అన్న చూపు. తప్పు చేసినవాళ్లను పల్లెత్తు మాట అనకుండా వేలమందిని దాటించిన మనిషికి, తన తప్పు దగ్గరికొచ్చేసరికి ఆ చూపు ఒక్కటి భరించే ధైర్యం చాల్లేదు.

అప్పుడు ఆయన దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో ఒక నర్సమ్మ ఉండేది. పిల్లల ఆసుపత్రిలో పని. డ్యూటీ దిగి, పొద్దున్నే ఏడింటికి పాఠానికి వచ్చేది. ముప్ఫై ఏళ్లుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. గంటసేపు అద్దాలెత్తిన కారులో మాస్టారి దగ్గు వింటూ నడిపేది. మూడు వారాలు ఏమీ అనలేదు. ఒకరోజు కారు పక్కకు తీసి ఆపింది. ఆపమని మాస్టారు చెప్పలేదు.

"మాస్టారూ, మాటిమాటికీ ఎడమ అద్దం చూడమన్నారు కదా," అంది. "ఆ అద్దం చూడాలంటే మీ మీదుగానే చూడాలి. చూసినప్పుడల్లా మీ చెయ్యి బెల్టు కిందే ఉంటోంది."

మాస్టారు నవ్వి, అలవాటైన మాటే చెప్పారు. ఫర్లేదమ్మా, గుండె చూపించాను, బాగుందన్నారు అని.

"గుండె సంగతి నేనడగలేదు. దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

మూడు నెలలని చెప్పాల్సి వచ్చింది. సిగరెట్లు కాల్చేవారా అని అడిగితే, మానేసి పదకొండేళ్లయిందని చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త నిటారుగా అయింది. మానడం చాలా మంచి పని అని నర్సమ్మ ఒప్పుకుంది. కానీ మానేసినవాళ్లకైనా సరే, దగ్గు మూడు వారాలు దాటితే ఒక ఎక్స్‌రే తీయించుకుని తీరాలంది. అందులో ఏమీ లేకపోతే హాయిగా సిరప్పు తాగుతూ కూర్చోవచ్చంది. మాస్టారు అలాగేనన్నారు. వారం గడిచింది. వెళ్లలేదు. ఇంకో వారం గడిచింది. సెలవు రోజు చూసుకుని వెళ్తానన్నారు. ఆయనకు సెలవు రోజన్నది లేదని ఆ అమ్మాయికి తెలుసు.

చివరికి ఆవిడే ఒక ఒప్పందం తెచ్చింది. వచ్చే వారం తన లైసెన్సు పరీక్ష. మొదటిసారికే పాసైతే మాస్టారు అదే రోజు ఎక్స్‌రేకు రావాలి. ఫెయిలైతే ఇక ఆ మాట ఎత్తదు. మాస్టారు పెద్దగా ఆలోచించకుండానే సరేనన్నారు. నర్సమ్మకు రివర్సులో బండి పెట్టడం అస్సలు వచ్చేది కాదు. ప్రతిసారీ వెనక చక్రం రోడ్డు పక్క గట్టు మీదకు ఎక్కేసేది.

ఆ వారం మాస్టారు ఏం చేశారో తర్వాత నర్సమ్మే అందరికీ చెప్పింది. ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఏడింటి పాఠాన్ని ఎనిమిదిన్నర దాకా పొడిగించారు. బావమరిది షెడ్డు ముందు నాలుగు డబ్బాలు పెట్టి, వాటి మధ్యలోకి వెనక్కి పెట్టడం నలభైసార్లు చేయించారు. నిలబడి చేత్తో సైగలు చేస్తూ, దగ్గొచ్చినప్పుడు వంగి మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, తగ్గగానే మళ్లీ లేచి, ఇంకోసారి అన్నట్టు వేలు తిప్పేవారు. తన దగ్గరికొచ్చిన మనిషి ఫెయిలైతే బాగుండునని అనుకోవడం ఆయనకు చేతకాలేదు. ఆవిడ మొదటిసారికే పాసైంది.

ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి పై భాగంలో నీడ కనిపించింది. ద్రాక్షపండంత. దాన్నిబట్టి స్కానింగు, దాన్నిబట్టి ఛాతీ డాక్టరు. ఆ రోజు భార్య కూడా వెంట వెళ్లింది.

డాక్టరమ్మ మాస్టారికి కూతురి వయసుది. బల్ల మీద కాగితం పెట్టుకుని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటోంది. బరువు తగ్గారా, ఆకలి ఉందా, కఫంలో రక్తం పడిందా. రక్తం మాట దగ్గర మాస్టారు రెండుసార్లు ఎర్రటి దారంలా కనిపించిందని చెప్పారు. భార్య ఆయన వైపు తిరిగింది. ఆ రుమాళ్లు ఆయనే ఉతుక్కున్నారు, ఆవిడ కంట పడనివ్వలేదు. తర్వాత సిగరెట్ల ప్రశ్న వచ్చింది. రోజుకు ఎన్ని?

మాస్టారు పెళ్లయినప్పటి నుంచీ భార్యకు చెప్పిన లెక్క పది. పక్కనే ఆవిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన బల్ల అంచు వైపు చూస్తూ, "ముప్ఫై," అన్నారు. కాసేపాగి, "పని ఎక్కువున్న రోజు నలభై," అన్నారు.

"నాకు తెలుసు," అంది భార్య. "చొక్కా జేబుల్లో పొగాకు దులిపింది నేనే కదా. నలభై అనే రాసుకోండి డాక్టరుగారూ."

ఇన్నాళ్లూ భయపడిన చూపు కోసం మాస్టారు డాక్టరమ్మ మొహంలోకి చూశారు. అది అక్కడ లేదు. ఆవిడ అంకె రాసుకుని, ఎప్పుడు, ఎలా మానేశారో కూడా అడిగి, కలం పక్కన పెట్టింది. నలభై కాల్చే మనిషి ఒక్క రోజులో మానెయ్యడం తాను చాలా తక్కువగా చూశానని, ఆ పదకొండేళ్ల విశ్రాంతే ఇప్పుడు ఊపిరితిత్తులకు అక్కరకొస్తుందని చెప్పింది. మాస్టారు దగ్గు నెపంతో రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

ఊపిరితిత్తిలోకి గొట్టం వేసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు ఫలితం వచ్చింది. క్యాన్సరే. అయితే ఉన్నచోటే ఉంది, ఎక్కడికీ పాకలేదు. ఎడమ ఊపిరితిత్తి పై భాగం తీసేస్తే సరిపోవచ్చునన్నారు. ఆపరేషను అయిదు వారాల తర్వాత. ఈలోగా రోజూ నడవాలన్నారు. మూడు బంతుల డబ్బా ఒకటిచ్చి, దాని గొట్టంలోంచి గాలి పీల్చి బంతుల్ని పైకి లేపాలన్నారు. మొదటి రోజు ఒక్క బంతే లేచింది.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రం ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మాస్టారే మాట మొదలుపెట్టారు. ఇక ఆసుపత్రికి ఎన్నోసార్లు తిరగాల్సి ఉంటుందని, ఆపరేషనయ్యాక రెండు నెలలు తాను బండి ముట్టుకోకూడదని, బావమరిదికి చెబితే తిప్పుతాడని ఏర్పాట్లు ఏకరువు పెట్టారు. భార్య అంతా విని, "నాకు నేర్పించండి," అంది.

పెళ్లయి ముప్ఫై నాలుగేళ్లు. ఊళ్లో సగంమందికి నేర్పారు గానీ భార్యకు నేర్పలేదు. కాపురానికొచ్చిన మొదటి ఏడు ఆవిడ ఒకసారి అడిగింది. నేనున్నాను కదా, నీకెందుకు అన్నారు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆయన ఆ సంగతే మర్చిపోయారు.

"ఇప్పుడా?" అన్నారు.

"మీరున్నారు కదా అని ముప్ఫై నాలుగేళ్లు పక్కన కూర్చున్నాను," అంది ఆవిడ. "ఇప్పుడూ ఉన్నారు. అందుకే నేర్పించమంటున్నాను."

మర్నాడే మొదలుపెట్టారు. మిగతా పాఠాలన్నీ ఇంకో మాస్టారికి అప్పగించి, ఉన్న ఊపిరంతా ఆ ఒక్క పాఠానికి దాచుకున్నారు. అయితే పరాయివాళ్ల దగ్గర భూదేవంత ఓర్పు చూపించిన మనిషి, భార్య స్టీరింగు పట్టుకునేసరికి తనే పాఠం నేర్చుకునేవాడిలా అయిపోయారు. మొదటి రోజు పావుగంటలో మూడుసార్లు తన కాలి కింది బ్రేకు తొక్కారు. నాలుగోసారి తొక్కేసరికి ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మరేం ఫర్లేదనేది బయటివాళ్లకేనా? ఇంట్లోవాళ్లకు లేదా?"

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. ఆ తర్వాత ఆయన బ్రేకు మీద కాలు తీసి సీటు కిందకు మడుచుకుని కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తిరగడానికి వారం పట్టింది. కూరగాయలు తరగడంలో, కుట్టుమిషను తొక్కడంలో ఉన్న నిదానమే ఇక్కడా అక్కరకొచ్చింది. గేరు మార్చేటప్పుడు కిందకు చూసే అలవాటు మాత్రం ఎంత చెప్పినా పోలేదు.

మూడో వారంలో ఒక రోజు పెద్ద రోడ్డు మీద ఉండగా మాస్టారికి దగ్గు ఉవ్వెత్తున వచ్చింది. ఊపిరాడలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. ముందు డ్యాష్‌బోర్డు మీదకు వాలిపోయారు. పక్కన ఉన్నది కట్టుకున్న మనిషి, ఆవిడ చేతుల్లో కారు, చుట్టూ లారీలు. ఆవిడ కంగారుపడి ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తుందేమోనని, దగ్గు మధ్యలోనే మాస్టారు బ్రేకు కోసం కాలు చాపబోయారు. అవసరం లేకపోయింది. ఆవిడ వెనక అద్దం చూసింది. ఎడమ అద్దం చూసింది. ఇండికేటర్ వేసి, ఒక లారీని పోనిచ్చి, మెల్లగా పక్కకు తీసి, ఆపి, గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు లాగింది. అప్పుడు ఆయన వైపు తిరిగి వీపు రాసింది. ఆవిడ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

ఊపిరి అందాక మాస్టారు సీటుకు జారగిలబడి, ఇంతమందికి నేర్పాను గానీ ఇంత బాగా బండి ఆపినవాళ్లను చూడలేదన్నారు. అలాంటి పొగడ్త ఆయన నోట ఎవరూ వినలేదు. ఆవిడ కాసేపు స్టీరింగు మీద నుదురు ఆన్చుకుని ఉండి, తర్వాత ఇంటికి నడిపింది.

ఆపరేషనుకు ముందురోజు పొద్దున ఆసుపత్రిలో చేరాలి. బావమరిది తన వ్యానుతో తయారై వచ్చాడు. అక్కయ్య అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని ఉంది. బావ పక్క సీట్లో, ఒళ్లో సంచి, సంచిలో మూడు బంతుల డబ్బా. కారు వెనక ఎర్రటి ఎల్ బోర్డు. మెకానిక్కు ఏదో అనబోయి, బావ మొహం చూసి ఊరుకుని, వ్యానులో వాళ్ల వెనకే వెళ్లాడు. దారి పొడుగునా అక్కయ్య వేగం ముప్ఫై దాటలేదని, వెనక హారన్లు కొట్టేవాళ్లకు సమాధానం చెప్పలేక తాను చచ్చానని తర్వాత చెప్పుకున్నాడు. కారులో మాస్టారు దారి పొడుగునా నోరు విప్పలేదు. ఆసుపత్రి ఆవరణలో రెండు బళ్ల మధ్య జాగా దొరికింది. ఆవిడ రివర్సులో పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించింది. కాపలా అతను నేను పెడతానంటూ తాళాల కోసం చెయ్యి చాపుకుంటూ వచ్చాడు. మాస్టారు అద్దం దించి, వద్దన్నట్టు చెయ్యి ఊపారు. నాలుగోసారికి బండి సరిగ్గా గీతల మధ్యలో కూర్చుంది.

ఆపరేషను నాలుగు గంటలు పట్టింది. మెలకువ వచ్చాక ఛాతీ పక్కనుంచి గొట్టం, గొట్టం చివర సీసా. దగ్గితే ప్రాణం పోయినట్టుండేది, అయినా దగ్గమనేవారు. దగ్గి లోపలిదంతా బయటకు తీస్తేనే ఊపిరితిత్తి విచ్చుకుంటుందట. ఇన్ని నెలలూ ఆపుకోవాలని చూసిన దగ్గును ఇప్పుడు రోజుకు పదిసార్లు పనిగట్టుకుని తెచ్చుకోవాల్సి వచ్చింది. దిండు ఛాతీకి హత్తుకుని దగ్గేవారు. పక్క మంచం మీద అదే ఆపరేషనైన ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. నొప్పికి జడిసి దగ్గనని మొండికేశాడు. నర్సులు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. మూడో రోజు మాస్టారు సీసా చేత్తో పట్టుకుని, గోడ ఆసరాతో అతని మంచం దాకా నడిచి వెళ్లారు. ఆ ఆరడుగులకే ఆయాసం వచ్చి మంచం అంచున కూర్చున్నారు. ఏమీ బోధించలేదు. మనిద్దరం కలిసి దగ్గుదాం, ముందు చిన్నది, తర్వాత పెద్దది అన్నారట. మేస్త్రీ పాదం వణుకుతోంటే దాని మీద చెయ్యి వేసి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టారట. రెండు మంచాల దగ్గుకు వార్డంతా లేచి కూర్చుంది. ఆ రోజు నుంచి రోజుకు నాలుగుసార్లు వాళ్లిద్దరికీ అదే పాఠం.

ఎనిమిదో రోజు ఇంటికి పంపించారు. తీసిన ముక్క చుట్టూ ఏమీ మిగల్లేదని, ఇంక వేరే మందులు అక్కర్లేదని, ఆరు నెలలకోసారి స్కానింగు చాలునని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నాక భార్య మెట్ల దగ్గర కూర్చుండిపోయి ఏడ్చింది. అప్పటిదాకా ఆవిడ ఏడవడం ఎవరూ చూడలేదు.

మాస్టారు ఇంటికొచ్చిన మూడో వారంలో ఆవిడ లైసెన్సు పరీక్షకు వెళ్లింది. మాస్టారు ఛాతీకి దిండు పట్టుకుని మైదానం అంచున బెంచీ మీద కూర్చున్నారు. ఎత్తు మీద ఇంజను ఆగిపోయి ఆవిడ ఫెయిలైంది. ఫర్లేదు మాస్టారి భార్యే ఫెయిలైందని అక్కడున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఆవిడ తిన్నగా బెంచీ దగ్గరికొచ్చి, క్లచ్చు తొందరగా వదిలేశానని, తప్పు ఎక్కడో తెలిసిందని, పది రోజుల్లో మళ్లీ వస్తానని చెప్పింది. ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటున్న మాస్టారికి ఆ పని లేకుండా చేసింది. అన్నట్టే పదకొండో రోజు పాసైంది.

ఆయన మళ్లీ పాఠాలు మొదలుపెట్టడానికి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దున పూట నాలుగే పాఠాలు. ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో ఒకసారి ఆగుతారు. గట్టిగా నవ్వితే ఆయాసం వస్తుంది, అయినా నవ్వుతారు. కొత్తగా చేరినవాళ్లెవరైనా సిగరెట్ చివరి దమ్ము లాగి కారెక్కితే, మానమని చెప్పరు. ఆ మాట మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారంటారు. తను మానేసి పదకొండేళ్లయ్యాక ఏమైందో, దగ్గు వస్తే ఎన్ని నెలలు దాచుకున్నారో, ఎందుకు దాచుకున్నారో, ఎర్ర చార పడిన రుమాళ్లు ఎలా ఉతుక్కున్నారో అంతా పూసగుచ్చినట్టు చెప్తారు. సిగ్గుపడాల్సింది కాల్చినందుకు కాదు, నోరు మూసుకుని కూర్చున్నందుకు అంటారు. ఆయన మాట విని ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు పదిమందికి పైనే ఉన్నారు. బావమరిదీ వెళ్లాడు. అతనికి ఏమీ లేదని తేలింది. అతనూ రోజుకు నలభై సిగరెట్ల నుంచి రెండుకు దిగాడు గానీ ఆ రెండూ వదలడం లేదు. షెడ్డు వెనక కాలుస్తూ, అక్కయ్యకు తెలియదనుకుంటున్నాడు.

ఆపరేషనైన నాలుగో ఏడు చలికాలంలో మాస్టారికి జలుబు చేసింది. రెండు రోజులకు దగ్గు పట్టుకుంది. ఆయన దగ్గినప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. దగ్గు మొదలైన మూడో రోజు పొద్దున్నే ఆయనే లేచి, చొక్కా తొడుక్కుని, పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరారు. ఎవరూ అడగకముందే కౌంటరు దగ్గర నిలబడి, ముప్ఫై ఒక్క ఏళ్లు కాల్చాను, రోజుకు నలభై, ఒక భాగం తీసేశారు, మూడు రోజులుగా దగ్గు అని గడగడా చెప్పేశారు. మామూలు జలుబేనన్నారు. ఆవిరి పట్టమన్నారు. భార్యకు ఫోను చేసి చెప్పి, పదింటికి బ్యాంకులో గుమాస్తాగా చేసే ఒకావిడ మొదటి పాఠం కోసం ఎదురుచూస్తుంటుందని అటునుంచి అటే వెళ్లిపోయారు.